బ్యాక్టీరియాలో చిన్న ఆర్‌ఎన్‌ఏలు: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జైపూరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య మైక్రోబయాలజీ చదివే పిల్లలు ప్రతి ఏడూ నన్ను అడిగే సందేహాలు దాదాపు అవే. చిన్న నాన్-కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల పాఠం దగ్గరికి వచ్చేసరికి చాలామంది పేర్లు బట్టీ పట్టేసి, అవి చేసే పని ఏమిటో వదిలేస్తున్నారు. నాకు ఎంతో ఇష్టమైన పాఠం ఇది, అలా వదిలేస్తుంటే బాధగా ఉంటుంది. అందుకే ఈ పేజీ. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. ఎక్కడి నుంచి చదివినా ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది. ఎస్‌ఆర్‌ఎన్‌ఏ అని రాసిన చోటల్లా, జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ అని అర్థం.

## మొదటిసారి వింటున్నవాళ్లకు

మాస్టారూ, ప్రోటీన్ తయారుచేయని ఆర్‌ఎన్‌ఏ బ్యాక్టీరియాకి ఎందుకు?

ఇనుము ఉదాహరణతో చెబుతాను, ఇంతకంటే తేలికైనది నాకు దొరకలేదు. పేగుల్లో బతికే ఈ.కోలై బ్యాక్టీరియాకి ఇనుము కావాలి. శ్వాసక్రియలో పనిచేసే చాలా ఎంజైముల్లో ఇనుము ఉంటుంది. అది సరిపడా దొరుకుతున్నప్పుడు ఫర్ అనే ప్రోటీన్ ఇనుముతో కలిసి డీఎన్‌ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను మూసి ఉంచుతుంది. ఆ మూసినవాటిలో ఆర్‌వైహెచ్‌బీ ఒకటి. ఇనుము తగ్గగానే ఫర్ పక్కకు తప్పుకుంటుంది, 90 న్యూక్లియోటైడ్ల (అంటే ఏ, యూ, జీ, సీ అనే ఆర్‌ఎన్‌ఏ అక్షరాల) పొడుగున్న ఆర్‌వైహెచ్‌బీ ఎస్‌ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. అది ఇనుమును నిల్వ చేసే, వాడుకునే ప్రోటీన్ల ఎంఆర్‌ఎన్‌ఏలకు (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి సమాచారం తెచ్చే నకళ్లకు) అతుక్కుని వాటిని ముక్కలు చేయిస్తుంది. నెలాఖరులో జీతం అడుగంటినప్పుడు ఇంట్లో వాయిదా వేయగలిగిన ఖర్చులన్నీ ఆపి బియ్యానికి, మందులకు డబ్బు మిగుల్చుకుంటాం కదా, బ్యాక్టీరియా చేసేదీ అదే. ఉన్న కాస్త ఇనుమూ అత్యవసరమైన ఎంజైములకు మిగులుతుంది. 2002లో ఎరిక్ మాసే, సూసన్ గాట్స్‌మన్ ఈ సంగతి బయటపెట్టారు. అంతకుముందు, ఫర్ ఉంటే కొన్ని జన్యువుల పని ఎందుకు పెరుగుతోందో ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. ఆపేవాడిని ఆపడం వల్లే పెరుగుతోందని అప్పుడు తేలింది.

మైక్రోఆర్‌ఎన్‌ఏ, ఎస్‌ఆర్‌ఎన్‌ఏ ఒకటేనా?

కాదు. 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు నోబెల్ వచ్చింది మైక్రోఆర్‌ఎన్‌ఏకి. వాళ్లు దాన్ని 1993లో ఓ చిన్న నులిపురుగులో చూశారు. అది మొక్కల్లో, జంతువుల్లో ఉంటుంది. దాదాపు 22 న్యూక్లియోటైడ్లు. పొడుగాటి ఆర్‌ఎన్‌ఏని డైసర్ లాంటి ఎంజైములు కోస్తే అది వస్తుంది, ఆర్గోనాట్ అనే ప్రోటీన్‌లో కూర్చుని పనిచేస్తుంది. బ్యాక్టీరియా ఎస్‌ఆర్‌ఎన్‌ఏ చాలావరకు 50 నుంచి 500 న్యూక్లియోటైడ్ల మధ్య ఉంటుంది. ఎక్కువ వాటికి ఆర్‌ఎన్‌ఏ తయారీ మొదలయ్యే చోటు (ప్రమోటర్), చివర్న ఆగే చోటు (టర్మినేటర్) సొంతంగా ఉంటాయి. డైసర్‌తో పనే లేదు. చాలా జాతుల్లో హెచ్‌ఎఫ్‌క్యూ అనే ప్రోటీన్ దానికి తోడుంటుంది. లక్ష్యం మీద బేస్ పెయిరింగ్‌తో (ఏకి యూ, జీకి సీ జతకట్టడంతో) అతుక్కోవడం ఒక్కటే రెండింటికీ పోలిక.

నాన్-కోడింగ్ అంటే పనికిరాని డీఎన్‌ఏ నుంచి వచ్చిందనా?

అస్సలు కాదు. అమైనో ఆమ్లాలు మోసే టీఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏ కూడా నాన్-కోడింగే. అవి లేకుండా కణం బతకదు. ఈ.కోలై జన్యుపటంలో దాదాపు 88 శాతం ప్రోటీన్ల సమాచారమే, ఊరికే పడి ఉన్న చోటు చాలా తక్కువ. ఎస్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువులు ఎక్కువగా రెండు ప్రోటీన్ జన్యువుల మధ్య ఖాళీలో దొరికాయి. ఇటీవలి కాలంలో ఎంఆర్‌ఎన్‌ఏల చివరి భాగం నుంచే పుట్టే ఎస్‌ఆర్‌ఎన్‌ఏలు కూడా చాలా బయటపడ్డాయి.

వీటిని ఎవరు, ఎప్పుడు కనిపెట్టారు? పరీక్షలో ఏ సంవత్సరం రాయాలి?

ప్రశ్న ఎలా అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. 6ఎస్ ఆర్‌ఎన్‌ఏ 1967లోనే కనిపించింది, కానీ దాని పని ఏమిటో తెలిసింది 2000లో. అతుక్కుని అదుపు చేసే ఆర్‌ఎన్‌ఏ మొదట 1981లో ప్లాస్మిడ్లలో (క్రోమోజోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాల్లో) దొరికింది: కోల్‌ఈ1 ప్లాస్మిడ్ మీద తొమిజావా చేసిన పనిలోనూ, ఆర్1 ప్లాస్మిడ్ మీద స్కాండినేవియా పరిశోధకులు చేసిన పనిలోనూ. బ్యాక్టీరియా క్రోమోజోమ్ మీద ఉన్నవాటిలో మొదటిది 1984లో మసయోరి ఇనౌయె బృందం చూపించిన మిక్‌ఎఫ్. ఆ తర్వాత 2001లో మూడు బృందాలు వేర్వేరుగా ఈ.కోలై జన్యుపటం మొత్తం గాలించి ఒక్కసారిగా చాలా ఎస్‌ఆర్‌ఎన్‌ఏలను బయటకు తీశాయి. ఈ రంగం పెద్దదైంది అప్పటినుంచే.

## పాఠం చదువుతున్నప్పుడు

ఎంఆర్‌ఎన్‌ఏకి అతుక్కుంటే ప్రతిసారీ ఆపేయడమేనా?

చాలామంది పేపర్లో రాసే తప్పు ఇదే. ఎక్కువసార్లు ఆపుతుంది, నిజమే. రైబోజోమ్ వచ్చి కూర్చునే చోటనే ఎస్‌ఆర్‌ఎన్‌ఏ జంటకట్టేస్తే రైబోజోమ్‌కి చోటుండదు, ప్రోటీన్ తయారవదు. ఆపైన ఆర్‌ఎన్‌ఏస్-ఈ అనే ఎంజైమ్ ఆ ఎంఆర్‌ఎన్‌ఏని కోసేస్తుంది. చాలాసార్లు ఎస్‌ఆర్‌ఎన్‌ఏ కూడా దాంతోపాటే నాశనమవుతుంది.

కానీ మొదలుపెట్టించడం కూడా ఉంది. ఆర్‌పీఓఎస్ అనే జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏ ముందు భాగం చాలా పొడుగు. అది తనమీద తానే మడతపడి రైబోజోమ్ కూర్చోవాల్సిన చోటును దాచేస్తుంది. కణం చల్లబడినప్పుడు డీఎస్‌ఆర్‌ఏ అనే 87 న్యూక్లియోటైడ్ల ఎస్‌ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది. అది ఆ మడతలో పై పాయకు జంటకట్టగానే కింద పాయ విడిపోతుంది, దాగిన చోటు బయటపడి ప్రోటీన్ తయారీ మొదలవుతుంది. కాగితం మీద ఈ మడతను పెన్సిల్‌తో ఒక్కసారి గీసి చూడండి. పది పేజీలు చదివినా రాని స్పష్టత ఆ ఒక్క బొమ్మతో వస్తుంది.

ఇంత చిన్నది వేల ఎంఆర్‌ఎన్‌ఏల మధ్య తన లక్ష్యాన్ని ఎలా పట్టుకుంటుంది?

మొత్తం పొడుగంతా జంటకట్టదు. ముందుగా ఏడెనిమిది న్యూక్లియోటైడ్ల చిన్న భాగం పక్కాగా కుదురుతుంది, దాన్నే సీడ్ అంటారు. ఆ తర్వాతే మిగతా భాగం కాస్త అటూఇటూగా సర్దుకుంటుంది. ఇక్కడ హెచ్‌ఎఫ్‌క్యూ పాత్ర పెద్దది. ఆరు ఒకేరకం ప్రోటీన్లు కలిసి ఉంగరంలా అమరతాయి. ఉంగరం ఒక ముఖం ఎస్‌ఆర్‌ఎన్‌ఏ చివరి యూ-ల వరుసను పట్టుకుంటుంది, రెండో ముఖం ఎంఆర్‌ఎన్‌ఏలో ఏ-లు ఎక్కువగా ఉన్న చోటును పట్టుకుంటుంది. రెండూ దగ్గరకు వస్తే జంట త్వరగా కుదురుతుంది. హెచ్‌ఎఫ్‌క్యూ పేరు 1968లో క్యూబీటా అనే వైరస్ పనిలో బయటికొచ్చింది. ఎస్‌ఆర్‌ఎన్‌ఏలతో దాని సంబంధం తెలియడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది.

మా పుస్తకంలో ఎస్‌ఆర్‌ఎన్‌ఏలు సిస్, ట్రాన్స్ అని రెండు రకాలని రాశారు. తేడా ఎలా గుర్తుపెట్టుకోవాలి?

జన్యువు ఎక్కడుందో చూడండి. తన లక్ష్యానికి సరిగ్గా ఎదుటి పాయ మీదే ఉంటే సిస్. అప్పుడు జంట మొదటి నుంచి చివరి దాకా పక్కాగా కుదురుతుంది, లక్ష్యం సాధారణంగా ఒక్కటే. జన్యువు ఇంకెక్కడో ఉంటే ట్రాన్స్. అప్పుడు జంట అరకొరగా ఉంటుంది, అందుకే ఒకే ఎస్‌ఆర్‌ఎన్‌ఏ పదుల కొద్దీ ఎంఆర్‌ఎన్‌ఏలను అదుపు చేయగలదు. హెచ్‌ఎఫ్‌క్యూ అవసరం ఎక్కువగా ట్రాన్స్ రకానికే.

రైబోస్విచ్ కూడా ఎస్‌ఆర్‌ఎన్‌ఏ కిందికే వస్తుందా?

రాదు. రైబోస్విచ్ విడి అణువు కాదు, ఎంఆర్‌ఎన్‌ఏలోనే ముందు భాగం. బీ1, బీ2, బీ12 విటమిన్ల వంటి చిన్న అణువు దానికి అంటుకోగానే మడత మారి ఆ ఎంఆర్‌ఎన్‌ఏ పని మారిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ థర్మామీటర్ కూడా అంతే, కాకపోతే అది వేడికి విప్పుకుంటుంది. కలరా బ్యాక్టీరియాలో టాక్స్‌టీ అనే జన్యువు ముందు అలాంటిది ఉంది, మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర అది తెరుచుకుంటుంది.

ప్రోటీన్ రెగ్యులేటర్లు ఉన్నాయిగా, మళ్లీ ఇవెందుకు?

ముఖ్యంగా వేగం కోసం. రిప్రెసర్ ప్రోటీన్ డీఎన్‌ఏ మీద కూర్చుంటే కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ ఆగుతుంది, అప్పటికే తయారై తిరుగుతున్న ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం పని చేస్తూనే ఉంటుంది. ఎస్‌ఆర్‌ఎన్‌ఏ నేరుగా దాన్నే పట్టుకుంటుంది. పైగా ఎస్‌ఆర్‌ఎన్‌ఏ తయారీకి ట్రాన్స్‌క్రిప్షన్ (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ) చాలు, ట్రాన్స్‌లేషన్ (ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్) దాకా ఆగక్కర్లేదు. ఇంకో గుణం కూడా ఉంది. ఎస్‌ఆర్‌ఎన్‌ఏ సంఖ్య ఎంఆర్‌ఎన్‌ఏ కంటే ఎక్కువగా ఉన్నంతసేపూ లక్ష్యం దాదాపు పూర్తిగా నోరుమూసుకుంటుంది, ఎంఆర్‌ఎన్‌ఏ ఆ సంఖ్య దాటితేనే ప్రోటీన్ రావడం మొదలవుతుంది. చిన్నాచితకా ఊగిసలాటకు కణం స్పందించకుండా ఇది కాపాడుతుంది.

ఎస్‌జీఆర్‌ఎస్ ఒక ప్రోటీన్ కూడా చేస్తుందట. మరి నాన్-కోడింగ్ ఎలా అవుతుంది?

మంచి పట్టు. కొన్ని ఆర్‌ఎన్‌ఏలు రెండు పనులూ చేస్తాయి. ఈ.కోలైలో 227 న్యూక్లియోటైడ్ల ఎస్‌జీఆర్‌ఎస్ చూడండి. కణంలోకి చక్కెర మరీ ఎక్కువగా వచ్చి, ఫాస్ఫేట్ అంటుకున్న చక్కెర పేరుకుపోతే కణానికి హాని. అప్పుడు ఎస్‌జీఆర్‌ఎస్ పుట్టి, గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే ప్రోటీన్ ఎంఆర్‌ఎన్‌ఏని నాశనం చేయిస్తుంది. అంటే కొత్త ద్వారాలు కట్టడం ఆగింది. మరి ఇప్పటికే కట్టి ఉన్నవి? వాటికోసం అదే ఆర్‌ఎన్‌ఏ నుంచి ఎస్‌జీఆర్‌టీ అనే 43 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ వచ్చి వాటిని అడ్డుకుంటుంది. ఒకే సమస్యను ఒకే అణువు రెండు వైపుల నుంచి పట్టుకోవడం నాకు ఎన్నిసార్లు చెప్పినా ఆశ్చర్యంగానే ఉంటుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో 514 న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ-3 కూడా ఇలాంటిదే, డెల్టా హిమోలైసిన్ అనే 26 అమైనో ఆమ్లాల విషాన్ని చేస్తూనే ఇతర జన్యువులను అదుపు చేస్తుంది. "నాన్-కోడింగ్" అన్న పేరు అలవాటుగా నిలిచిపోయింది, అంతే.

అన్నీ ఎంఆర్‌ఎన్‌ఏకే అతుక్కుంటాయా?

కొన్ని ప్రోటీన్లను పట్టుకుంటాయి. ఈ.కోలై పెరుగుదల నెమ్మదించాక 6ఎస్ ఆర్‌ఎన్‌ఏ పేరుకుంటుంది. దాని ఆకారం తెరుచుకున్న ప్రమోటర్‌ను పోలి ఉంటుంది కాబట్టి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ దానికే అంటుకుపోతుంది. సీఎస్‌ఆర్‌బీ అనేది సీఎస్‌ఆర్‌ఏ అనే ప్రోటీన్‌ను గుంపులుగా పట్టి ఉంచి దాని పని తగ్గిస్తుంది.

నెట్, గేట్ పరీక్షలకి ఈ పేర్లన్నీ బట్టీ పట్టాలా?

వద్దు. పేరు మర్చిపోయినా నష్టం లేదు, ఒక్కో ఎస్‌ఆర్‌ఎన్‌ఏ గురించి మూడు సంగతులు తెలియాలి: ఏ పరిస్థితిలో పుడుతుంది, దేనికి అతుక్కుంటుంది, దాంతో కణానికి ఏం ఒరుగుతుంది. ఆర్‌వైహెచ్‌బీ అంటే ఇనుము కరువు. ఎస్‌జీఆర్‌ఎస్ అంటే చక్కెర ఫాస్ఫేట్ ఒత్తిడి. డీఎస్‌ఆర్‌ఏ అంటే చలి. ఆక్సీఎస్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. మిక్‌ఎఫ్ అంటే బయటి పొరలోని ఓంప్‌ఎఫ్ రంధ్రం తగ్గడం. ఈ అయిదింటిని ఇలా కారణంతో సహా పట్టుకుంటే, ఆరోది పేపర్లో కొత్తగా కనిపించినా టెన్షన్ పడకుండా ఆలోచించి రాయగలరు.

## మన చుట్టూ ఉన్న జబ్బులు, పొలాలు

మా కాశీపూర్ వైపు కలరా వచ్చింది కదా. ఆ బ్యాక్టీరియాలోనూ ఇవి ఉన్నాయా?

ఉన్నాయి. రాయగడ జిల్లా కాశీపూర్‌లో 2007లోనూ, 2022లోనూ కలరా ప్రబలింది. అందుకే ఈ ప్రశ్న ఇక్కడి పిల్లలు పాఠంగా కాకుండా ఇంటి సంగతిగా అడుగుతారు. కాస్త వివరంగానే చెబుతాను.

కలరా బ్యాక్టీరియా తన చుట్టూ తనవాళ్లు ఎంతమంది ఉన్నారో పసిగడుతుంది. అన్నీ ఒక రసాయనాన్ని వదులుతుంటాయి, అది ఎంత చిక్కగా ఉంటే గుంపు అంత పెద్దదన్నమాట. దీన్నే కోరం సెన్సింగ్ అంటారు. పేగులోకి కొత్తగా వచ్చినప్పుడు గుంపు చిన్నది. అప్పుడు క్యూఆర్‌ఆర్ 1 నుంచి 4 వరకు నాలుగు ఎస్‌ఆర్‌ఎన్‌ఏలు తయారవుతాయి. ఇవి హెచ్‌ఎఫ్‌క్యూ ప్రోటీన్ తోడుతో హ్యాప్‌ఆర్ అనే ముఖ్యమైన రెగ్యులేటర్ ఎంఆర్‌ఎన్‌ఏని నాశనం చేయిస్తాయి. హ్యాప్‌ఆర్ లేనప్పుడు పేగు గోడను పట్టుకునే తంతువులు, కలరా టాక్సిన్ తయారవుతాయి. గుంపు బాగా పెరిగాక క్యూఆర్‌ఆర్‌లు ఆగిపోతాయి, హ్యాప్‌ఆర్ పెరుగుతుంది, విషం తయారీ తగ్గుతుంది, ప్రోటీయేజ్ అనే ప్రోటీన్లు కోసే ఎంజైమ్ ఒకటి విడుదలై బ్యాక్టీరియా గోడ నుంచి ఊడి బయటికి పోవడానికి వీలవుతుంది. ఆ విరేచనం కలిసిన చువ్వ నీళ్లు తాగితే ఇంకో ఇంట్లో మళ్లీ మొదలు. ఈ నాలుగు ఆర్‌ఎన్‌ఏల సంగతి 2004లో ప్రిన్స్‌టన్‌లో బానీ బాస్లర్ బృందం చూపించింది. నాలుగింట్లో ఏ ఒక్కటి ఉన్నా పని జరిగిపోతుంది.

చువ్వ అంటే కొండవాలులో ఊరే నీటి ఊట, అక్కడి ఊళ్లలో తాగేది చాలాచోట్ల అదే. ఒకమాట మర్చిపోవద్దు. ఎస్‌ఆర్‌ఎన్‌ఏ మీద ఎంత తెలిసినా, ఇంట్లో ఎవరికైనా బియ్యం కడుగులా విరేచనాలవుతుంటే వెంటనే ఓఆర్‌ఎస్ పట్టాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తాగే నీళ్లు మరగబెట్టాలి.

రొయ్యల హేచరీలో రాత్రిపూట నీళ్లు మెరుస్తాయి. దానికీ ఈ ఎస్‌ఆర్‌ఎన్‌ఏలకీ సంబంధం ఉందా?

ఉంది. లార్వాను చంపే ఆ మెరుపు జబ్బుకు కారణాల్లో విబ్రియో హార్వేయి ముఖ్యమైనది. ఇందులో క్యూఆర్‌ఆర్ అనే ఎస్‌ఆర్‌ఎన్‌ఏలు అయిదు. గుంపు పలచగా ఉన్నంతసేపూ అవి లక్స్‌ఆర్ అనే ప్రోటీన్‌ను రానివ్వవు, వెలుగుండదు. గుంపు చిక్కబడితే అవి ఆగుతాయి, లక్స్‌ఆర్ వస్తుంది, వెలుగు మొదలవుతుంది. అంటే తొట్టిలో మెరుపు కనబడే సరికే బ్యాక్టీరియా బాగా పెరిగిపోయి ఉంటుంది.

టీబీ బ్యాక్టీరియాలో కూడా ఇదే పద్ధతా?

ఎస్‌ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి, పద్ధతి వేరు. టీబీ బ్యాక్టీరియాలో హెచ్‌ఎఫ్‌క్యూ లాంటి ప్రోటీన్ ఇప్పటిదాకా దొరకలేదు. దాని డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాలు దాదాపు 65 శాతం, కాబట్టి ఆర్‌ఎన్‌ఏ మడతలు చాలా గట్టిగా ఉంటాయి. ఈ.కోలైలో నేర్చుకున్నది దీనికి అలాగే అతికించకండి.

యాంటీబయాటిక్ లొంగకపోవడంలో వీటి పాత్ర ఉందా?

కొంత ఉంది. ఈ.కోలై బయటి పొరలో ఓంప్‌ఎఫ్ అనే రంధ్రం గుండా పెన్సిలిన్ లాంటి చాలా బీటా-లాక్టమ్ మందులు లోపలికి వెళతాయి. కొన్ని ఒత్తిళ్లలో మిక్‌ఎఫ్ పెరిగి ఓంప్‌ఎఫ్ తగ్గిపోతుంది, మందు వెళ్లే దారి ఇరుకవుతుంది. కానీ దీన్ని అసలు కారణంగా రాయకండి. మందును పగలగొట్టే బీటా-లాక్టమేజ్ ఎంజైములు, ప్లాస్మిడ్ల మీద తిరిగే జన్యువులు దీనికంటే చాలా పెద్ద సమస్య.

సార్, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మేం సోయా వేస్తాం. వేర్ల బుడిపెల్లో ఈ ఆర్‌ఎన్‌ఏలు పనిచేస్తాయా?

మీ చేలోనే ఈ పాఠంలోకెల్లా అందమైన ఉదాహరణ ఉంది. సోయా వేర్లలో బుడిపెలు కట్టించే బ్రాడీరైజోబియం తన టీఆర్‌ఎన్‌ఏల నుంచి 21 న్యూక్లియోటైడ్ల చిన్న ముక్కలు చేస్తుంది. అవి సోయా కణంలోకి వెళ్లి, మొక్క సొంత ఆర్గోనాట్ ప్రోటీన్‌లో కూర్చుని, బుడిపెలను అదుపులో ఉంచే మొక్క జన్యువులను తగ్గిస్తాయి. దాంతో బుడిపెలు ఎక్కువ కడతాయి. 2019లో ఇది వెల్లడైంది. ఇంకా, నత్రజనిని స్థిరీకరించే సూడోమోనాస్ స్టుట్జెరిలో ఎన్‌ఎఫ్‌ఐఎస్ అనే ఎస్‌ఆర్‌ఎన్‌ఏ నత్రజని ఎంజైమ్ ఎంఆర్‌ఎన్‌ఏకి అతుక్కుని, అది ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది. ఈసారి ఒక సోయా మొక్కను మట్టితో సహా తవ్వి, బుడిపెను బ్లేడుతో కోసి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే లోపలి బ్యాక్టీరియా నత్రజని పని చేస్తోందన్నమాట.

బూజు తెగుళ్లలో కూడా ఉంటాయా?

బూజులు బ్యాక్టీరియా కావు, వాటిలో చాలావాటికి డైసర్, ఆర్గోనాట్ రెండూ ఉన్నాయి. శనగలో బూడిద బూజు తెచ్చే బోట్రైటిస్ తన చిన్న ఆర్‌ఎన్‌ఏలను మొక్కలోకి పంపి దాని రక్షణను దెబ్బతీస్తుందని 2013లో తేలింది. కొన్ని ఈస్ట్‌లకు మాత్రం ఈ యంత్రాంగం లేదు, మనం రొట్టెలకు వాడే జాతి దాన్ని ఎప్పుడో పోగొట్టుకుంది.

## ల్యాబ్‌లోకి వెళ్లాక

కిట్‌తో ఆర్‌ఎన్‌ఏ తీశాను, రీడింగ్ బాగుంది. ఎస్‌ఆర్‌ఎన్‌ఏ మాత్రం దొరకలేదు. ఏం జరిగింది?

చాలావరకు కిట్టే కారణం. మామూలు సిలికా కాలమ్ కిట్లు 200 న్యూక్లియోటైడ్ల కంటే పెద్దవాటిని పట్టుకునేలా చేసినవి, చిన్నవి వాష్‌లో కొట్టుకుపోతాయి. మీరు పారబోసిన నీళ్లలో ఉండిపోయింది మీ ప్రయోగం. చిన్న ఆర్‌ఎన్‌ఏలకోసం వేడి ఫినాల్ పద్ధతి గానీ ట్రైజాల్ గానీ వాడి, ఆల్కహాల్‌తో అడుగుకు దించండి. చూడటానికి అగరోజ్ జెల్ సరిపోదు, అందులో రైబోజోమ్‌లోని పెద్ద ఆర్‌ఎన్‌ఏల 23ఎస్, 16ఎస్ గీతలే కనిపిస్తాయి. యూరియా కలిపిన 8 శాతం పాలీఅక్రిలమైడ్ జెల్ వేయండి. 120 దగ్గర 5ఎస్ గీత, దాని కింద 75-90 మధ్య టీఆర్‌ఎన్‌ఏ దట్టమైన పట్టీ స్పష్టంగా వస్తే మీ చిన్న ఆర్‌ఎన్‌ఏ చేతిలో ఉన్నట్టే.

ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ నకలు (సీడీఎన్‌ఏ) తీయడానికి, పాలీ-ఏ తోకకు అతుక్కునే ఓలిగో-డీటీ ప్రైమర్ వాడొచ్చా?

వద్దు. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏకి మనలా నిలకడైన పాలీ-ఏ తోక ఉండదు. ఆ జన్యువుకే ప్రత్యేకమైన ప్రైమర్ వాడండి.

కల్చర్ తీసి బెంచ్ మీద పెట్టి భోజనానికి వెళ్లాను. పర్వాలేదా?

పర్వాలేదనలేను. ఎస్‌ఆర్‌ఎన్‌ఏలు నిమిషాల్లో మారతాయి. ఫ్లాస్క్ ఊపడం ఆగితే ఆక్సిజన్ తగ్గుతుంది, చల్లారితే చలి స్పందన మొదలవుతుంది. తిరిగొచ్చి మీరు కొలిచేది మీ ప్రయోగాన్ని కాదు, బెంచ్ మీద జరిగిన సంగతిని. తీసిన వెంటనే చల్లటి ఇథనాల్-ఫినాల్ కలిపిన స్టాప్ ద్రావణం పోసి ఐస్‌లో పెట్టండి.

మే నెలలో కరెంటు పోతుంటుంది. ఆర్‌ఎన్‌ఏని ఎలా కాపాడుకోవాలి?

నీళ్లలో కరిగించి ఫ్రిజ్‌లో పెట్టడం కంటే ఇథనాల్‌లో అడుగుకు దించిన స్థితిలోనే మైనస్ 20లో ఉంచండి, కాసేపు కరెంటు పోయినా తట్టుకుంటుంది. అసలు శత్రువు వేడి కాదు, ఆర్‌ఎన్‌ఏని కోసే ఆర్‌ఎన్‌ఏస్ ఎంజైమ్. మన వేళ్ల మీద, చెమటలో ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏస్-ఏ మరిగించినా తిరిగి కోలుకుంటుంది, ఒక్క ఆటోక్లేవ్‌ను నమ్ముకోకండి. నీళ్లను 0.1 శాతం డీఈపీసీతో రాత్రంతా ఉంచి, తర్వాత ఆటోక్లేవ్ చేయండి. ట్రిస్ బఫర్‌లో మాత్రం నేరుగా డీఈపీసీ వేయకండి, రెండూ కలిసిపోతాయి. శుద్ధి చేసిన నీళ్లతో ట్రిస్ కలుపుకోండి. ఎండాకాలం గ్లోవ్స్ తడిసిపోతే వెంటనే మార్చండి.

కణంలోని ఆర్‌ఎన్‌ఏలన్నీ చదివేసే ఆర్‌ఎన్‌ఏ-సీక్ వచ్చాక, జెల్ మీద ఒక్కో ఆర్‌ఎన్‌ఏని వెతికే నార్తర్న్ బ్లాట్ ఇంకా ఎందుకు?

సీక్వెన్సింగ్‌లో కనిపించే చిన్న ముక్క నిజమైన ఎస్‌ఆర్‌ఎన్‌ఏనా, చెడిపోయిన ఎంఆర్‌ఎన్‌ఏ ముక్కనా చెప్పడం కష్టం. నార్తర్న్‌లో ఒకే సైజులో గట్టి గీత వస్తే, అది పరిస్థితిని బట్టి పెరిగి తగ్గితే, అప్పుడు నమ్మకం కుదురుతుంది.

సాఫ్ట్‌వేర్ బోలెడు టార్గెట్లు ఇచ్చింది. ఏది నిజం?

ఇంటాఆర్‌ఎన్‌ఏ లాంటివి ఇచ్చేది అంచనా, ఫలితం కాదు. థీసిస్‌లో "టార్గెట్ కనుగొన్నాం" అని రాసేముందు ఒక పరీక్ష చేయాలి. ఎస్‌ఆర్‌ఎన్‌ఏ సీడ్‌లో రెండు మూడు అక్షరాలు మార్చితే అదుపు పోవాలి. తర్వాత ఎంఆర్‌ఎన్‌ఏలో దానికి సరిపడేలా ఎదురు అక్షరాలు మార్చితే అదుపు తిరిగి రావాలి. ఆ రెండోది వచ్చినప్పుడే నేరుగా అతుక్కుంటోందని చెప్పగలం. కోప్రాఆర్‌ఎన్‌ఏ అనేది దగ్గరి జాతులన్నింటినీ పోల్చి చూస్తుంది కాబట్టి జాబితా కాస్త తగ్గుతుంది. 2016లో వచ్చిన రిల్-సీక్ పద్ధతి హెచ్‌ఎఫ్‌క్యూ మీద పక్కపక్కన కూర్చున్న ఆర్‌ఎన్‌ఏలను కలిపి అతికించి చదువుతుంది, అది అంచనా కంటే చాలా బలమైన ఆధారం.

## ప్రాజెక్టు, ఆ తర్వాత

మా కాలేజీలో ల్యాబ్ లేనట్టే. అయినా ఈ సబ్జెక్టులో ప్రాజెక్టు చేయగలమా?

చేయగలరు, గట్టిగా చెబుతున్నాను. ఒక ల్యాప్‌టాప్, రాత్రిపూట నిలకడగా ఉండే నెట్ చాలు. ప్రపంచంలోని ఆర్‌ఎన్‌ఏ-సీక్ డేటా చాలావరకు ఎన్‌సీబీఐ అనే అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లో ఉచితంగా ఉంది. ఆర్‌ఫ్యామ్‌లో తెలిసిన ఆర్‌ఎన్‌ఏ కుటుంబాలు, వియన్నా ప్యాకేజీలో మడతలు గీసే ఆర్‌ఎన్‌ఏఫోల్డ్, ఐజీవీలో రీడ్‌లు చూసుకునే వీలు, అన్నీ ఉచితమే. పెద్దది తలకెత్తుకోకండి. ఒక్క ఎస్‌ఆర్‌ఎన్‌ఏ తీసుకుని, అది దగ్గరి జాతుల్లో ఎక్కడెక్కడ ఉంది, సీడ్ భాగం మారిందా లేదా అని చూడండి. ఎంఎస్సీకి అది నిండైన ప్రాజెక్టు.

ఒక జాగ్రత్త. డేటా ఏ స్ట్రెయిన్‌దో (ఆ జాతిలో ఏ రకానిదో) ముందే చూడండి. కలరా బ్యాక్టీరియాలో 2000లో మొదట పూర్తిగా చదివిన ఎన్16961 స్ట్రెయిన్‌లో హ్యాప్‌ఆర్ జన్యువు పాడైపోయి ఉంది. కోరం సెన్సింగ్ చూడాలని ఆ డేటా తీసుకుంటే మొత్తం పని తలకిందులవుతుంది.

కలరా బ్యాక్టీరియాని కాలేజీలోనే పెంచొచ్చా?

వద్దు. ఈ.కోలై కే-12 రకం తీసుకోండి. ఇనుమును పట్టేసే బైపిరిడిల్ వేసి ఆర్‌వైహెచ్‌బీ పెరగడం చూడొచ్చు. అదే పాఠం, ప్రమాదం లేకుండా.

పై చదువులకు దగ్గర్లో ఎక్కడున్నాయి?

బరంపురంలో 1967 నుంచి యూనివర్సిటీ ఉంది, 2016 నుంచి ఐసర్ ఉంది. కొరాపుట్‌లో 2009లో పెట్టిన కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది. భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉన్నాయి. సంస్థ పేరు చూసి కాకుండా, అక్కడ బ్యాక్టీరియా జన్యు నియంత్రణ మీద ఎవరు పనిచేస్తున్నారో వాళ్ల పేజీలో చూసి, వాళ్ల ఒక్క పేపరైనా చదివి, అప్పుడు మెయిల్ రాయండి. తెలుగులోనో ఒడియాలోనో చదివానని వెనకాడకండి. అడిగే ప్రశ్న సూటిగా ఉంటే జవాబు వస్తుంది.

వీటితో బ్యాక్టీరియాకి మందు వస్తుందా?

పరిశోధన జోరుగా జరుగుతోంది. ఏసీపీపీ లాంటి ప్రాణాధార జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏకి అతుక్కునే కృత్రిమ అణువులను చిన్న పెప్టైడ్‌కి తగిలించి బ్యాక్టీరియాలోకి పంపుతున్నారు, ప్రయోగశాలలో అవి బ్యాక్టీరియాను చంపుతున్నాయి. బయటి పొర దాటించడమే పెద్ద అడ్డంకి. పెప్టైడ్‌ని మోసుకెళ్లే పంపులో ఒక్క మార్పు వస్తే మందు లోపలికే పోదు. ఇంకో దారిలో, 2015లో బీ2 విటమిన్ రైబోస్విచ్‌ను మూసే రైబోసిల్ అనే అణువు బయటికొచ్చింది. మందు కంటే ముందుగా పరిశ్రమకు పనికొచ్చింది కృత్రిమ ఎస్‌ఆర్‌ఎన్‌ఏ. 2013లో కొరియాలో సాంగ్ యుప్ లీ బృందం మిక్‌సీ అనే ఎస్‌ఆర్‌ఎన్‌ఏ చట్రాన్ని తీసుకుని, సీడ్ భాగం మార్చి, ఈ.కోలైలో కావలసిన జన్యువులను తగ్గించి టైరోసిన్ దిగుబడి పెంచింది. జన్యువును కోయకుండానే దాని పని తగ్గించుకోవచ్చు కాబట్టి, కణం బతకడానికి అవసరమైన జన్యువుల మీద కూడా ఈ పద్ధతిని ప్రయోగించి చూడొచ్చు.